శ్రవణం నాడు వచ్చిన మంచం

జూన్ 4, సోమవారం

పక్క ఫ్లాటు కార్తీక్ గారికి ఈ రోజు మంచం వచ్చింది.

ఆ సమయంలో నేను మా ముప్పై ఒకటో అంతస్తు ఆడవాళ్ళ చేత కారిడార్‌లో కసరత్తు చేయిస్తున్నాను. బళ్ళో డ్రిల్లు టీచరుగా రిటైరై ఇన్నేళ్ళయినా మెడలో విజిల్ తీయబుద్ధి కాదు నాకు. రోజూ ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాసుకోవడం కూడా బడి నుంచి వెంట వచ్చిన అలవాటే. అందరి చేతులూ పైకెత్తించి విజిల్ ఊదబోతుంటే సామాన్ల లిఫ్టు తెరుచుకుంది. తెల్ల దుప్పటి పరిచిన చక్రాల మంచం, తోసే మనిషి లేకుండా, దానంతటదే బయటికి వచ్చింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఒక్కొక్కరూ తమ గుమ్మం వైపు చూసుకున్నారు. నేనూ చూశాను. అది మా గుమ్మం దాటి వెళ్ళాక గాని ఊపిరి పీల్చుకోలేదు, ఆ తర్వాత సిగ్గేసింది.

కార్తీక్ గారు తన కాళ్ళ మీద తానే నడిచి బయటికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. "రాత్రి మూడు చపాతీలు తిన్నానండీ స్రవంతి గారూ," అన్నారు నాతో, ఫిర్యాదు చేస్తున్నట్టు.

"కార్తీక్ గారూ, నిదానంగా ఎక్కండి. తొందరేం లేదు," అంది వదిన.

వదిన అంటే మా టవరే. కట్టినవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, నోరు తిరగదు. గోడల్లోంచి తియ్యగా మాట్లాడుతూ, అడగని సలహాలు ఇస్తూ, ఎవరు ఏం తిన్నారో రాత్రి ఎన్నిసార్లు లేచారో కనిపెట్టుకుని ఉండేదాన్ని ఆడబిడ్డ అనక ఏమంటాం? ఎవరో వదిన అన్నారు, అదే స్థిరపడింది. ఇళ్ళలో కెమెరాలు కూడదని కోర్టు చెప్పింది కాబట్టి వదినకి కళ్ళు లేవు. పరుపు కింద నుంచి ఊపిరి వింటుంది. నేల మీద అడుగుల బరువు చూస్తుంది. బాత్రూములో మనకి తెలియకుండానే పరీక్షలు చేస్తుంది. మనిషి ఇంక ఎన్నాళ్ళో ఉండడని తేలితే మంచం పంపుతుంది. అది గేటు బయట ఉన్న విశ్రాంతి భవనానికి తీసుకుపోతుంది.

మా టవర్లో ఎవరూ చనిపోరు. ఫ్లాట్లు అమ్మేటప్పుడు ఆ మాటే గొప్పగా చెప్పుకుంటారు.

కార్తీక్ గారి భార్య మేఘన చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లిఫ్టు దాకా వెళ్ళింది. సాయంత్రానికి అందరి గోడల మీదా తెల్లటి అక్షరాలు వెలిగాయి. కార్తీక్ గారు శుభ నక్షత్రంలో ప్రశాంతంగా కన్నుమూశారట.

జూన్ 9, శనివారం

హారిక అక్కకి పాదాలు మళ్ళీ వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది.

అక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయారు. మాకు పిల్లల్లేరు. నాకు అక్కా, అక్కకి నేనూ. పెళ్ళయిన కొత్తలో ఒకరి పొడ ఒకరికి గిట్టేది కాదు. నేను గట్టిగా నడుస్తానని అక్క ఫిర్యాదు, అక్క రోజంతా వాగుతుందని నా ఫిర్యాదు. ఇప్పుడు అక్క రెండు మాటలకే ఆయాసపడుతోంది. ఆ వాగుడు కోసం చెవి కోసుకుంటున్నాను.

గుండె బాగా పెద్దదైందని, ఇక చేసేదేమీ లేదని, ఇంట్లో కంటికి రెప్పలా చూసుకోమని ఆసుపత్రివాళ్ళు పంపేశారు. ఇంట్లో వదిన ఉంది కదా, అదీ కంటికి రెప్పలాగే చూస్తోంది.

"ఏమే, స్నానాల గదిలో కుళాయి తిప్పు," అంది అక్క ఇవాళ. నీళ్ళ చప్పుడులో వదినకి మాట సరిగా వినబడదు. తిప్పాను. "నన్ను ఆ మంచం ఎక్కించమాకే. చావంటే భయం లేదు నాకు. అక్కడ ఒక్కదాన్నీ పడుండి, నోట్లో నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోవడం నావల్ల కాదు."

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు.

రెండేళ్ళ కిందట మా ఆయన సుధీర్‌కి మంచం వచ్చింది. స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టుకుని, తొణకకుండా, గేటు దాకా వెనకే వెళ్ళాను. ఆఖరి ఘడియలో ఆ గుక్క నా చేత్తోనే పొయ్యాలని. "మంచం మీద వచ్చినవారికే ప్రవేశం," అంది వదిన. ఎండలో నిలబడ్డాను. సాయంత్రం గోడ మీద అక్షరాలు వెలిగాయని అక్కే వచ్చి చెప్పింది. గ్లాసుడు నీళ్ళూ అలాగే వెనక్కి తెచ్చాను. వాటిని ఎక్కడ పారబొయ్యాలో కూడా తోచలేదు.

జూన్ 11, సోమవారం

ఇంకో ఊరికో ఇంకో టవరుకో పోదామంటే అన్నిచోట్లా ఇదే తంతు. అద్దెకి అడిగితే ముందు ఊపిరి పరీక్ష.

ఇదంతా నక్షత్రాల మూలంగా వచ్చింది. ఒకప్పుడు పన్నెండో అంతస్తులో ఒక పెద్దాయన ధనిష్ఠా పంచకంలో పోయాడు. ఆ అయిదు నక్షత్రాల్లో పోతే ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి కదా, వాళ్ళూ మూసేశారు. అంతటితో ఆగలేదు. ఏసీ గొట్టాలు అందరికీ ఒకటే, గాలి ఒకటే, కాబట్టి పైనా కిందా ఉన్న ఫ్లాట్లు కూడా మూసెయ్యాలని ఒక సిద్ధాంతి చెప్పాడు. ఒక వరసంతా తాళాలు పడ్డాయి. కొనేవాళ్ళు మొహం చాటేశారు. కమిటీ కూర్చుని పంచాంగం మొత్తం వదినకి నేర్పించింది. అప్పటి నుంచి మంచి నక్షత్రం చూసి, మనిషి ప్రాణాలతో ఉండగానే గేటు దాటిస్తోంది. పంచకం రాబోతుంటే ఇంకాస్త ముందే పంపేస్తుంది.

కాబట్టి మా ముందున్న పని ఒకటే. అక్క బాగానే ఉందని వదినని నమ్మించాలి.

దీనికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఎవరి గది, ఎవరి పక్క అన్నదాన్ని బట్టే వదిన పేర్లు రాసుకుంటుంది. నిన్న రాత్రి అక్కని తీసుకెళ్ళి నా మంచం మీద పడుకోబెట్టాను. నేను అక్క మంచం మీద పడుకున్నాను. స్నానాల గదులు కూడా మార్చుకున్నాం. అక్కని చక్రాల కుర్చీలోనే తిప్పుతూ, అక్క గదిలో నేను చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరిగాను. పిల్లలకి కుంటి పరుగు పందేలు నేర్పినదాన్ని, ముసలి నడక ఎంతసేపు?

తెల్లారి, "హారిక గారూ, మీ గుండె చప్పుడు ఎంత బాగుందో! నిద్ర కూడా హాయిగా పట్టింది," అంది వదిన.

"నీ దయ వదినా," అంది అక్క నా పరుపు మీద నుంచి. నేను దిండు కరుచుకుని నవ్వాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వాం.

జూన్ 14, గురువారం

కార్తీక్ గారి పదకొండో రోజు. కింద హాల్లో భోజనాలు. మూడో రోజునే ఆయన అస్థికల కలశం లిఫ్టులో పైకి వచ్చిందని, కృష్ణలో కలిపి వచ్చామని మేఘన చెప్పింది. నేనూ అలాగే సుధీర్‌ని కృష్ణలో కలిపాను. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి నిమిరాను.

గారెలు బాగా కుదిరాయి. రెండోది అందుకోబోతుంటే గోడలోంచి, "స్రవంతి గారూ, వద్దండీ. మీ గుండె చాలా అలిసిపోయి ఉంది," అంది వదిన. హాలంతా వినబడింది. వడ్డించే అతను గరిటె వెనక్కి తీసుకున్నాడు. ఎదురు వరసలో ఇద్దరు నా వైపు చూసి చప్పున చూపు తిప్పేసుకున్నారు.

అప్పుడు గాని నా మట్టిబుర్రకి తట్టలేదు. అక్క జబ్బు అక్క పేరు మీద నుంచి తీసేశాం సరే, అది ఎక్కడికి పోతుంది? నా మంచం మీద పడుకుంది కాబట్టి నా పేరు మీదికి వచ్చింది. గారె మాత్రం తిన్నాను. అందరూ చూస్తుండగా మూడోది కూడా అడిగి వేయించుకున్నాను.

జూన్ 17, ఆదివారం

కమిటీ అధ్యక్షుడు విహాన్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. పళ్ళ బుట్ట తెచ్చాడు. పళ్ళ బుట్ట తెచ్చాడంటే విషయం తేలిపోయినట్టే.

"ఆంటీ, మీతో కాసేపు కూర్చుందామని వచ్చా," అన్నాడు.

"కూర్చో నాయనా. నేను నిలబడతా." నిలబడటమే కాదు, అతని ముందే ఇరవై గుంజీలు తీశాను. ఆయాసం కూడా రాలేదు. "చూశావుగా. మీ వదినకి మతి పోయింది."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, నటన కాదు. "మా నాన్న కూడా ఆఖరి వారం ఇలాగే, ఆంటీ. పార్కులో రెండు రౌండ్లు పరిగెత్తారు. వెళ్ళేముందు ఒక్కోసారి అలా వెలుగు వస్తుందట."

"నా చెయ్యి పట్టుకుని నాడి చూడరా పిచ్చోడా!"

"నాకు నాడి చూడటం రాదు ఆంటీ," అన్నాడు నెమ్మదిగా. "ఎవరికొచ్చు? అది వదిన పని కదా."

అతను వెళ్ళాక పళ్ళ బుట్ట తలుపు బయట పెట్టేశాను. ఎదురుగా నిలబడ్డ మనిషి కంటే గోడ చెప్పిన మాట నిజమైపోయింది వీళ్ళకి. అయినా తప్పు పట్టడానికి మొహం లేదు నాకు. ఆ గోడకి అబద్ధం నేర్పింది మేమే.

జూన్ 19, మంగళవారం

పొద్దున వదిన చెప్పేసింది. "స్రవంతి గారూ, ఎల్లుండి ఉదయం ధనిష్ఠ వచ్చేస్తుంది. రేపు శ్రవణం, చాలా మంచి రోజు. రేపు పొద్దున్నే మీకు మంచం వస్తుంది. ఒక చిన్న సంచి సర్దుకోండి."

అక్క కుర్చీలోంచి లేవబోయి కూలబడింది. "వదినా! పొయ్యేది అది కాదు, నేను! పక్కలు మార్చుకున్నాం! నా ఊపిరే నువ్వు విన్నది!"

"హారిక గారూ, మీ ఆరోగ్యం చక్కగా ఉంది. ఆత్మీయులు దూరమయ్యేటప్పుడు ఇలా అనిపించడం సహజం. మీకు కాస్త మెత్తటి సంగీతం పెట్టనా?"

"నీ సంగీతం తగలెయ్య!" అంది అక్క. ఆ తిట్టుకే ఊపిరి అందక పావుగంట ఒగర్చింది. వీపు రాస్తూ కూర్చున్నాను.

తర్వాత కుళాయి తిప్పి మాట్లాడుకున్నాం. బయటపడే దారి సులువైనదే, ఇద్దరికీ తెలుసు. ఈ రాత్రి ఎవరి పక్క మీద వాళ్ళు పడుకుంటే చాలు. పొద్దుటికి నాకు నయమైనట్టు తేలుతుంది, నా మంచం ఆగిపోతుంది. అక్క సంగతి బయటపడుతుంది, మంచం అక్కకి వస్తుంది.

"అలాగే చెయ్యి," అంది అక్క. "నా మాట వదిలెయ్. భయపడి ఏదో కూశాను. నేను పోతా."

"పోయి?"

"పోయి ఏముందే, పోతా."

"నేను మళ్ళీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గర నిలబడాలా?"

నాకు ఆ ఎండా, తొణకని ఆ నీళ్ళూ గుర్తొచ్చాయి. మంచం మీద వచ్చినవారికే ప్రవేశం అంది వదిన ఆ రోజు. సరే. మంచం మీదే వెళ్తాను.

"అక్కా, నేను చెప్పేది విను. ఇవాళ కూడా మార్చుకునే పడుకుందాం. రేపు నా మంచం నన్ను తీసుకుపోతుంది. నేను గుమ్మం దాటగానే నువ్వు వెళ్ళి నీ పక్క మీద పడుకో. వదిన నీ ఊపిరి వింటుంది. పంచకం వచ్చేలోపల నిన్ను దాటించాలని దానికి కాళ్ళు కాలుతుంటాయి, పొద్దు పోయేలోపు పంపుతుంది. నేను అక్కడ ముందే ఉంటా."

"నీకేమన్నా పిచ్చా? గుండ్రాయిలా ఉన్నావు. అక్కడికి పోయినోళ్ళు ఒక్కరన్నా తిరిగొచ్చారా?"

"రాలేదు."

"మరి?"

"మరి ఏముంది. ఇక్కడుండి ఈ వదినతో కాపురం చెయ్యమంటావా?"

అక్క నా విజిల్ తాడు పట్టుకుని దగ్గరికి లాక్కుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ధైర్యంగా ఉన్నానని రాస్తే అబద్ధం. ఒకవేళ వదిన ఈ ఒక్క రోజులో కనిపెట్టకపోతే? పంచకం అయిదు రోజులూ మంచం రాదు. అక్క ఈ ఇంట్లో, నేను గోడ అవతల. ఆ ఆలోచన రాగానే, పక్కలు మళ్ళీ మార్చేద్దామని రెండుసార్లు నా గది దాకా వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి వచ్చాను.

జూన్ 20, బుధవారం

అంతస్తు వాళ్ళంతా కారిడార్‌లో వరసగా నిలబడ్డారు. నేను నేర్పిన వరసే, ఎత్తు ప్రకారం. మేఘన దణ్ణం పెట్టింది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

అక్క గుమ్మంలో కుర్చీలో ఉంది. "జాగ్రత్తే," అంది, బజారుకి పంపుతున్నట్టు. నేను మంచం ఎక్కాను. సంచిలో ఒక చీర, ఈ పుస్తకం, స్టీలు గ్లాసు. విజిల్ మెడలోనే ఉంది.

గేటు దాటాక మంచం ఎడమకి తిరిగి, గోడ వెంబడి వెళ్ళి, రేకుల కప్పున్న పొడుగాటి హాల్లో ఆగింది. రెండు వరసల మంచాలు, మధ్యలో పరదాలు. మూత్రం వాసన, దాని మీద ఫినాయిలు వాసన. వదిన గొంతు లేదు. అదొక్కటే హాయి అనుకుంటూ దిగాను.

మూడో పరదా పక్క నుంచి, "నీళ్ళు," అన్నారెవరో.

పరదా తీశాను. గడ్డం పెరిగి, ఇస్త్రీ చొక్కా నలిగి గుడ్డపేలికలా అయిపోయి, కార్తీక్ గారు.

"మీరు ఉన్నారా?" అన్నాను. "మీ పదకొండో రోజు గారెలు తిన్నాను నేను!"

ఆయన కళ్ళు ఆర్పి చూశారు. "మా ఆవిడ చేయించిందా? బాగున్నాయా?" అన్నారు. ఆయనకి నీళ్ళు పట్టాను. మూడు గ్లాసులు తాగారు.

అంత పెద్ద హాలుకీ ఒకే ఒక్క మనిషి, అఖిల అని, యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి బకెట్టు కింద పెట్టేసింది. "గిదేందమ్మా, నువ్వు మంచం దిగి తిరుగుతున్నవ్? ఈడికొచ్చినోళ్ళు గిట్ల నడువరు."

"ఈయన పోయారని మాకు ఆ సాయంత్రమే చెప్పారు."

"గేటు దాటిన టైమే రాసుకుంటరమ్మ, మంచి నక్షత్రమని. ఆడికి ఇంక లెక్క అయిపోయినట్టే. ఈడ పోయేది ఎప్పుడో పోతరు. కొందరికి వారం, కొందరికి నెల."

"మరి మూడో రోజు కలశం పంపుతారు కదా. అందులో ఏముంటుంది?"

అఖిల చెంగుతో మొహం తుడుచుకుంది. "గంతకుముందు పోయినోళ్ళది."

నాకు సుధీర్ కలశం గుర్తొచ్చింది. తర్వాత అడిగాను. అడక్కుండా ఉంటే బాగుండేది, కాని అడిగాను. రెండేళ్ళ కిందట, పొడుగ్గా, నుదుటి మీద కుట్ల మచ్చ ఉన్నాయన.

"యాదికున్నడు," అంది. "నెల దాంక ఉన్నడు. ఎప్పుడు చూసినా గేటు దిక్కే మొహం పెట్టి పండుకుంటుండె. ఎవలో నీళ్ళు తెస్తరని అంటుండె."

"నువ్వు పోశావా? ఆఖర్న?"

"నేనొక్కదాన్నమ్మా గిందరికి. పోసిననో లేదో నాకు యాది లేదు. అబద్ధమెందుకు చెప్పాలె."

నేను తలంటు పోసుకుని, ఎవరివో అస్థికలు ఏటిలో కలిపి, పదకొండో రోజు విస్తరి ముందు కూర్చునేటప్పటికి ఆయన ఈ గోడకి ఇవతల బతికే ఉన్నారు. నేను తిరిగి వెళ్ళిపోయిన గేటు వైపే చూస్తూ ఉన్నారు. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. రాశాను.

పొద్దు వాలుతోంది. అక్క ఇంకా రాలేదు. చినుకులు మొదలయ్యాయి. రేకుల మీద చప్పుడుకి చక్రాల చప్పుడు వినబడదేమోనని వాకిట్లోనే నిలబడ్డాను. ఈ ఆవరణకి ఉన్నది ఆ ఒక్క గేటే, టవరు వైపు తిరిగి వెళ్దామని చూస్తే తెరుచుకోలేదు. వదిన లెక్కలో నేను పొద్దున్నే పోయాను, పోయినవాళ్ళకి తలుపులు తియ్యదు. శ్రవణం దాటిపోతే నేను చేసిందంతా మట్టే. అక్క ఒక్కతే అక్కడ, నేనిక్కడ. ఈ తెలివితక్కువ పన్నాగం పన్నినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

లైట్లు వేసే వేళకి చక్రాలు వినబడ్డాయి. మంచం తడిసింది. దుప్పటి కింద చిన్న మూటలా అక్క.

"ఆలస్యం చేశావేం?" అన్నాను.

"ఆ గయ్యాళి నమ్మాలి కదే," అంది అక్క, ఒక్కో మాటా తీసుకుంటూ. "నీ మీద బెంగతో గుండె జారిందనుకుంది. మెత్తటి సంగీతం పెట్టింది. మొత్తం విని వచ్చా."

జూన్ 21, గురువారం

పొద్దున గోడ అవతల నుంచి నడిచేవాళ్ళ మాటలు వినబడ్డాయి. టవరు చుట్టూ రోజూ చేసే వాకింగ్. గోడ దగ్గరికి వెళ్ళి, బళ్ళో పిల్లలందర్నీ మైదానానికి పిలిచేంత గట్టిగా విజిల్ ఊదాను. ఒక్కసారి అడుగులన్నీ ఆగాయి. నా విజిల్ వాళ్ళందరికీ తెలుసు. "నేను స్రవంతిని! బతికే ఉన్నాను! కార్తీక్ గారు కూడా ఉన్నారు!" అని అరిచాను.

"ఆంటీ విజిలే కదా?" అన్న గొంతు విహాన్‌ది. తర్వాత వదిన ఏదో చెప్పింది, మెత్తగా. ఏం చెప్పిందో నాకు వినబడలేదు. అడుగులు మళ్ళీ మొదలయ్యాయి.

అక్కతో చెప్పాను. "పోనీలే, రేపు కూడా ఊదు," అంది. "ఎవరికో ఒకరికి నిద్ర చెడుతుంది."

జూన్ 22, శుక్రవారం

ఊదాను. నిన్నటి కంటే తక్కువమంది నడుస్తున్నారు. కాని ఒక జత అడుగులు గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాయి. ఆడమనిషి అడుగులు. మేఘన అనుకున్నాను. పేరు పెట్టి పిలిస్తే వెళ్ళిపోయాయి.

నేను తిరుగుతుంటే పరదాలన్నీ కదులుతున్నాయి. అన్నిటి వెనకా అడిగేది ఒకటే మాట. నా దగ్గర ఉన్నది ఒకటే గ్లాసు. కడిగి, నింపి, మళ్ళీ కడిగి తిప్పుతున్నాను. అఖిల కాసేపు చూసి, చిన్న కూజా ఒకటి వెతికి తెచ్చి నా పక్కన పెట్టింది.

జూన్ 23, శనివారం

అక్క ఈ రోజు మధ్యాహ్నం పోయింది.

పొద్దున్నుంచీ చెయ్యి వదలనివ్వలేదు. చల్లబడుతున్న వేళ్ళు నా విజిల్ తాడుకి చుట్టుకుని ఉన్నాయి.

"ఏం నక్షత్రమే ఇవాళ?" అంది.

వేళ్ళ మీద లెక్క పెట్టాను. "పూర్వాభాద్ర."

"పంచకమే." అక్క పెదవులు నవ్వినట్టు కదిలాయి. "ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి. ఎవరిల్లు మూస్తారే?"

"మూసెయ్యడానికి మనకి ఇల్లెక్కడుంది అక్కా?"

"హమ్మయ్య," అంది. కాసేపాగి, "నీళ్ళు," అంది.

తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. గ్లాసు పెదవులకి ఆనించాను. మొదటి గుక్క మింగింది. రెండోది కూడా మింగింది. మూడోది పెదవి చివర నుంచి జారి నా చీర మీద పడింది. అది తుడవలేదు నేను.

ఏడ్చాను. కాని ఆ రోజు గేటు దగ్గర ఏడ్చినట్టు కాదు. ఆ ఏడుపుకి అంతు ఉండేది కాదు.

అఖిల వచ్చి అక్క కాళ్ళు సర్దింది. ఇంకెవరి ఇంటికో కలశం పంపాల్సి వచ్చినప్పుడు మా అక్కే వెళ్తుంది. ఎవరి పేరు మీదో కృష్ణలో కలుస్తుంది. అక్కకి కొత్తవాళ్ళతో కలవడం ఇష్టమే, దారంతా వాగుతూ పోతుంది.

గ్లాసు తీసుకెళ్ళి కుళాయి కింద కడిగాను. వెనక పరదా కదిలింది. కార్తీక్ గారు చెయ్యెత్తారు, బళ్ళో పిల్లాడు ఎత్తినట్టు, మొహమాటంగా.

"ఉండండి," అన్నాను. "పట్టుకొస్తున్నా."